జుబేదా మేడం చూపించిన దిగే గీత

పక్క వాటాలో ఉండే లలిత ఇవాళ పొద్దున్న కాటుక పట్టింది. ఇంట్లో నెలల పిల్ల ఉంది కదా, కొట్లో కొన్న కాటుక పెట్టనంటుంది. వరండాలో రెండు ఇటుకలు నిలబెట్టి, మధ్యలో ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించింది. నేను బీరకాయ చెక్కు తీస్తూ కూర్చున్నాను. కాసేపటికి మసి వాసన వచ్చింది. కొంచెం చేదుగా, కొంచెం వెచ్చగా ఉండే వాసన. అంతే, చేతిలో బీరకాయ చేతిలోనే ఉండిపోయింది. నేను తాడేపల్లిగూడెంలో ఈ వరండాలో లేను. ఏలూరులో, కాలేజీ మేడ మీద జువాలజీ ల్యాబ్‌లో ఉన్నాను. గుండె దడదడలాడింది. భయంతో కాదర్రా, సంతోషంతో. వెన్నెలా, ఆదీ, మీరు అంత దూరం గువాహటి నుంచి ఫోన్ చేసి "అమ్మమ్మా, నువ్వు ఉద్యోగం చేసేదానివట కదా, ఏం చేసేదానివి?" అని అడుగుతారు. ఫోన్లో సగం మాట వినపడదు, సగం మీ అమ్మ లాగేసుకుంటుంది. అందుకే ఇది కూర్చుని రాస్తున్నాను. నా ఉద్యోగం గురించి కాదు, జుబేదా మేడం గురించి.

నేను ఆ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును. రోజూ పొద్దున్నే గూడెంలో ప్యాసింజరు ఎక్కి ఏలూరు వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ప్యాసింజరుకి వచ్చేదాన్ని. జుబేదా మేడం జువాలజీ డిపార్టుమెంటుకి హెడ్డు. వాళ్ళ నాన్నగారు ఏలూరులో తివాచీలు నేసేవారు. ఆవిడ చిన్నప్పుడు ఆ మగ్గం ముందు కూర్చుని ఊలు ముళ్ళు వేసి పెరిగిన మనిషి. అందుకేనేమో, ఆవిడ వేళ్ళు చూస్తే ముచ్చటగా ఉండేది. సన్నగా, తొందర లేకుండా, ఏ దారం ఎక్కడికి పోతుందో వాటికే తెలిసినట్టు కదిలేవి. చేప గుండె మన బొటనవేలి గోరంత ఉంటుంది. బయటికి తీసి ఉప్పునీళ్ళలో పెడితే చాలాసేపు దానంతట అది కొట్టుకుంటూనే ఉంటుంది. దాని కొసకి మేడం ఒక పట్టుదారం ముడి వేసి, ఆ దారాన్ని పైన తూగుడుబల్లలా ఆడే చీపురుపుల్ల ఒక కొసకి కట్టేవారు. గుండె ముడుచుకుని దారం లాగితే పుల్ల అవతలి కొన పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. పుల్ల ఎదురుగా ఒక డ్రమ్ము గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. డ్రమ్ముకి నున్నటి కాగితం చుట్టి, కిరసనాయిలు దీపం మీద తిప్పి నల్లగా మసి పట్టించడం నా పని. ఆ మసి మీద పుల్ల కొన తెల్లగీత గీస్తుంది. చేప గుండె తన చేత్తో తనే రాసుకున్నట్టుండేది. అప్పటికే పెద్ద కాలేజీల్లో కంప్యూటర్లు వచ్చేశాయట. మాకు మాత్రం మసే.

మొదటిసారి ఆ గీతలు చూసినప్పుడు, "ఎంత ఎత్తుకి లేస్తుందోనండీ!" అన్నాను. మేడం నవ్వారు. "రాజ్యం గారూ, అందరి కళ్ళూ ఎక్కే గీత మీదే ఉంటాయండీ. మీరు దిగే గీత చూడండి. గుండె పట్టుకుంటే సరిపోదు, వదలాలి. వదిలితేనే కదా మళ్ళీ రక్తం వచ్చి నిండేది!" ఇంటర్ చదివి మానేసిన నాకు ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది. కానీ ఆ రోజు నుంచి దిగే గీతనే చూసేదాన్ని. కొన్ని గుండెలు తొందరగా, నున్నగా దిగేవి. కొన్ని అయిష్టంగా, ఈడుస్తూ దిగేవి.

ఇప్పుడు మీ తాతయ్య సంగతి చెప్పాలి. మీ తాతయ్య గూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో కమిషన్ కొట్టు గుమస్తా. ఆయన గొంతు లారీ హారను మించి వినపడేది. ఇదంతా జరగడానికి ముందటేడు గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో పడుకున్నారు. బయటపడ్డారు గానీ, పాత మనిషి తిరిగి రాలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సాయంత్రానికి పాదాలు వాచేవి, వేలితో నొక్కితే గుంట పడేది. డాక్టరు గారు చూసి, గుండె రక్తం తోడే బలం బాగా తగ్గిందని చెప్పి మందులు రాశారు. అందులో ఒక చిన్న తెల్లబిళ్ళ ఉంది. అది గుండె వేగాన్ని తగ్గించే బిళ్ళ అని మార్కెట్‌లో ఎవరో చెప్పారట. ఇంక చూడాలి! "నడవలేక నడుస్తున్న ఎద్దుకి పగ్గం బిగిస్తారటే ఎవరైనా? బలం లేదు మొర్రో అంటుంటే ఉన్నదాన్ని తగ్గించే బిళ్ళ ఇస్తాడా ఆయన!" అన్నారు. మిగతా మందులన్నీ మింగేవారు. ఆ ఒక్క బిళ్ళ మాత్రం కిటికీ చెక్క మీద పెట్టేవారు. నేను తీసి చేతిలో పెడితే మళ్ళీ అక్కడికే చేరేది. బిళ్ళ బదులు బలానికని ఏదో టానిక్కు, దాని మీద రెండు గ్లాసుల చిక్కటి కాఫీ. డాక్టరు గారు నాతో విడిగా చెప్పారు, "అమ్మా, ఈ బిళ్ళ వేసుకోకపోతే ఆ గుండె ఎక్కువకాలం లాగదు" అని. నేను మెత్తగా మాట్లాడే మనిషిని. ఆయన ముందు నా మాట తేలిపోయేది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చెరువులు వెనక్కి పోతుంటే, ఆ బిళ్ళ గురించే ఆలోచించేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే ల్యాబ్‌లో మాకొక చిక్కు వచ్చిపడింది. పిల్లలకి ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. కొట్టుకుంటున్న గుండె మీద అడ్రినలిన్ చుక్క వేస్తే గీత ఎత్తుగా లేవాలి, వడిగా దిగాలి. మనకి భయం వేసినా కోపం వచ్చినా ఒంట్లో ఊరే మందే అది. మేడం చుక్క వేశారు. పుల్ల ఎప్పట్లాగే లేచింది, ఎప్పట్లాగే దిగింది. మరో చుక్క. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సీసా ఎండకి పాడైందేమోనని కొత్త సీసా తెప్పించారు. అదే తీరు. ఉప్పునీళ్ళు మళ్ళీ కలిపాం, దారం మార్చాం, పుల్ల మార్చాం. వెనక బెంచీలోంచి ఒక పిల్ల, "మేడం, కొల్లేరు చేపకి భయమంటే తెలీదేమోనండీ" అంది. క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వారు గానీ, ఆ రాత్రి నిద్రపోయి ఉండరని మర్నాడు ఆవిడ కళ్ళు చెప్పాయి.

అది శుక్రవారం. మధ్యాహ్నం మేడం నమాజుకి వెనక గదిలోకి వెళుతూ, "ఆ గుండె తీసేయండి రాజ్యం గారూ, ఇవాళ్టికి ఇంక చాలు" అన్నారు. తీద్దామనే లేచాను. కానీ అది ఇంకా కొట్టుకుంటోంది. కొట్టుకుంటున్నదాన్ని పారేయడానికి చెయ్యి రాలేదు. చల్లటి ఉప్పునీళ్ళు మార్చి, అలాగే వదిలేసి, డబ్బా తెరిచి పులిహోర తిన్నాను. మేడం తిరిగొచ్చి, "అయ్యో, ఇంకా ఉందా పాపం?" అన్నారు. అలవాటు కొద్దీ ఒక చుక్క వేశారు. పుల్ల ఎగిరింది చూడండీ! మసి కాగితం పైఅంచు దాటేసి గాల్లోకి లేచింది. లేచినంత వడిగానూ దిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. "యా అల్లా!" అని మేడం నా భుజం పట్టుకుని ఊపేశారు. ఆవిడ తడి చేయి నా జాకెట్టు మీద మరక చేసింది. ఇద్దరం చిన్నపిల్లల్లా ఒకర్నొకరం పట్టుకుని ఆ పుల్లనే చూస్తూ నిలబడ్డాం.

తర్వాత ఆవిడ కూర్చోలేదు. బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, "ఈ చేపని ఎలా కొన్నారండీ? ఏదీ దాచకుండా మొదట్నుంచీ చెప్పండి" అన్నారు. ఏముంది చెప్పడానికి? కొల్లేటి లంకల నుంచి మంగమ్మ అనే ఆవిడ కొరమీలు తెచ్చి ఏలూరు చేపల మార్కెట్‌లో అమ్మేది. బేసిను మీద వల కప్పి ఉంచేది. బేరం వస్తే వల తీసి వేలితో పొడిచేది. ఏ చేప ఎగిరి పడితే అదే తాజా చేప. "చూడండమ్మగారూ, మీ మీదకే దూకుతోంది! ఇంతకన్నా ఏం కావాలి?" అనేది. నేను అన్నిటికన్నా ఎత్తుకి ఎగిరేదాన్ని చూపించేదాన్ని. సంచిలో వేస్తే అది రిక్షాలో కాలేజీ దాకా కొట్టుకుంటూనే వచ్చేది. ఇదంతా చెప్పి, చేప ఎలా ఎగిరేదో చేతులతో చూపించాను. మేడం కుర్చీలో కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "కూరకి కొన్నట్టు కొన్నామండీ! నేను వెళ్ళినా అదే కొనేదాన్ని. ఏలూరులో పుట్టినవాళ్ళు ఎవరైనా ఎగిరే చేపే కొంటారు. మన చుక్క దాకా అది ఆగితే కదా! దారి పొడుగునా దాని ఒంట్లో ఊరిన మందే దానికి పడుతూ వచ్చింది."

అప్పుడు సొరుగులోంచి రెండు రంగుల ఊలు దారాలు తీసి బల్ల మీద పరిచారు. ఎర్రవి లావుగా, తెల్లవి సన్నగా. ఒకదాని సందులో ఒకటి. "గుండె కండరం లోపల ఇలాగే ఉంటుందండీ. అన్నీ ప్రోటీన్ దారాలే. ఈ లావు దారానికి బుల్లి బుల్లి చేతులుంటాయి. అవి సన్నదారాన్ని పట్టుకుని లాగితే గుండె ముడుచుకుంటుంది, వదిలితే విచ్చుకుంటుంది. కాల్షియం వస్తే పట్టు, పోతే వదులు. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. ఇప్పుడు అసలు సొగసు చూడండి." సిరా కలం తీసి దారాల మీద అక్కడక్కడా చుక్కలు పెట్టారు. "అడ్రినలిన్ వస్తే ఈ ప్రోటీన్ల మీద ఫాస్ఫేటు చుక్క పడుతుంది. దారం అదే, ముడీ అదే. చుక్క పడిందంతే. కానీ నడత మారిపోతుంది! ఇక్కడ చుక్క పడితే చేతులు దగ్గరికి వచ్చి గట్టిగా లాగుతాయి. అదిగో, అక్కడ పడితే కాల్షియాన్ని త్వరగా వదిలేస్తాయి, అందుకే గీత వడిగా దిగుతుంది. చుక్క పెట్టే ఎంజైము ఒకటి, చెరిపే ఎంజైము ఇంకొకటి. ఎగిరెగిరి వచ్చిన చేపలో పడాల్సిన చుక్కలన్నీ ముందే పడిపోయాయి. మనం ఇంకా మందు వేస్తే కొత్త చుక్క ఎక్కడ కూర్చుంటుంది చెప్పండి? మీరు పులిహోర తింటున్నంతసేపూ చెరిపే ఎంజైము తన పని తను చేసుకుంది."

మీకు చెప్పలేను పిల్లలూ, ఆ నిమిషంలో నా ఒంట్లో ఏమైందో. అంతకాలం గుండె అంటే ఒక ముద్ద అనుకున్నాను. లోపల ఇంత నేతపని జరుగుతోందని, అందులో చుక్కలు పడుతూ చెరుగుతూ ఉంటాయని, అది నా రొమ్ములో కూడా ఆ క్షణాన జరుగుతోందని తెలిసి ఒళ్ళు జలదరించింది. మర్నాడు మంగమ్మ దగ్గరికి కుండ పట్టుకుని వెళ్ళాను. "పొడవకు, ఎగరేయకు. మెల్లగా నీళ్ళతో సహా కుండలోకి వదిలెయ్యి, తడి గోనె కప్పుతాను" అన్నాను. మంగమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఎగరని చేప కావాలా? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా అమ్మగారూ?" అంది. నవ్వేశాను గానీ, ఆ మాట నాతో పాటే రైలెక్కింది. పూళ్ళ స్టేషన్ దాటాక ఉన్నట్టుండి వెలిగింది. ఎగిరెగిరి వచ్చిన చేప మా ఇంట్లోనే ఉంది కదా!

సోమవారం మేడంని అడిగాను, ఆ తెల్లబిళ్ళ సంగతి. మేడం చేతిలో సీసా పక్కన పెట్టారు. "నేను చేపల డాక్టర్నండీ, మనుషుల డాక్టర్ని కాదు. ఏ బిళ్ళ ఎంత వెయ్యాలో మీ డాక్టరు గారే చెప్పాలి. పైగా చేపది ఒక పూట అలజడి, మీవారిది నెలల తరబడి. రెండూ ఒకటి కాదు. అన్నాళ్ళు ఒంట్లో అడ్రినలిన్ కేకలు పెడుతుంటే గుండెకి చెవుడొచ్చేస్తుంది. చుక్కలు పడాల్సిన చోట పడవు, పడకూడని చోట పడతాయి. ఆ బిళ్ళ ఆ కేకల్ని గుండె దాకా రానివ్వదు. కాలం గడిస్తే గుండెకి మళ్ళీ వినపడుతుంది. ఇంతవరకే నాకు తెలిసింది" అన్నారు. ఆ తర్వాత మెల్లగా, "ఆయన్ని ఒకసారి తీసుకురాగలరా? చెప్పను, చూపిస్తాను" అన్నారు.

తీసుకురావడమంటే మాటలా! ఏలూరులో కళ్ళద్దాలు మార్పించుకుందురు గాని రండి అని తీసుకొచ్చాను. మీ తాతయ్య ల్యాబ్ మెట్లెక్కడానికి మూడుచోట్ల ఆగారు. పైకొచ్చి, కుర్చీలో కూర్చుని, ఆయాసం తీరాక రెండు గాజు గిన్నెల్లో కొట్టుకుంటున్న గుండెల్ని చూశారు. "ఏంటండీ మేడం గారూ, నా గుండెని చేపతో పోలుస్తారా?" అన్నారు. "పోల్చనండీ. చేపది చెప్పినట్టు వింటుంది" అన్నారు మేడం, నవ్వకుండా.  మీ తాతయ్యని అలా ఆపినవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు. మేడం ఒక గుండె మీద చుక్క వేశారు. గీత కదల్లేదు. "ఇది మార్కెట్ నుంచి గోల గోలగా వచ్చింది." రెండోదాని మీద వేశారు. పుల్ల లేచి దూకింది. "ఇది కుండలో నీడపట్టున నిమ్మళంగా వచ్చి, చల్లగా కూర్చుంది. రెండూ ఒకే చెరువు చేపలు. మందు ఒకటే. చెయ్యి నాదే." మీ తాతయ్య ముందుకు వంగారు. "మొదటిది బద్ధకపు చేపేమోనండీ" అన్నారు. "బద్ధకం కాదండీ. ఇది మార్కెట్లో అన్నిటికన్నా ఎత్తుకి ఎగిరింది."

 డ్రమ్ము తిరుగుతూనే ఉంది. మీ తాతయ్య ఆ మొదటి గుండెని చాలాసేపు చూశారు. "మా కొట్లో హమాలీలు..." అన్నారు, ఆయన మార్కెట్ గొంతుతో కాదు, చిన్న గొంతుతో. "పొద్దుటి నుంచీ బస్తాలు మోసి మోసి, సాయంత్రానికి ఒకడు కూలబడతాడండీ. వాడి మీద కేకలేస్తే లేవడు. తెలీని షావుకారు ఇంకా కేకలేస్తాడు. తెలిసినవాడు వాడి నెత్తి మీద బస్తా దించి, మజ్జిగ ఇచ్చి, నీడలో కూర్చోబెడతాడు."  మేడం డ్రమ్ము ఆపి, రెండో గుండె గీసిన మసి కాగితం జాగ్రత్తగా కోసి, మసి చెదరకుండా లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి ఆరేశారు. ఆరాక మీ తాతయ్య చేతికిచ్చారు. "దిగే గీత చూడండి. ఎంత హాయిగా వదిలేస్తోందో." మీ తాతయ్య కాగితం పట్టుకుని నావైపు తిరిగి, "కళ్ళద్దాలన్నావు కదే రాజ్యం" అన్నారు. "అవేనండీ" అన్నాను.

బిళ్ళ మొదలుపెట్టారు. మంత్రం వేసినట్టు తగ్గలేదు సుమా. డాక్టరు గారు పావుబిళ్ళతో మొదలుపెట్టించారు. మొదట్లో నీరసం ఇంకా ఎక్కువైంది. మీ తాతయ్య మంచం మీద పడుకుని, "మీ మేడం నన్ను ముంచేసింది" అని సణిగేవారు. నాకూ భయం వేసింది. మేడంకి చెబితే, "డాక్టరు గారికి చూపించండి, మీరు మాత్రం ఆపకండి. చెరిపేవాడికి కొంచెం టైము ఇవ్వాలండీ" అనేవారు. డాక్టరు గారు చూసి, నీరు తగ్గే మందు కొంచెం మార్చి, అదే కొనసాగించమన్నారు. మెల్లమెల్లగా పావు అర అయింది, అర ఒకటైంది. వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి పాదాల వాపు తీసింది. ఒకరోజు సాయంత్రం నా ప్యాసింజరు గూడెంలో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగింది. దిగి చూద్దును కదా, మీ తాతయ్య! వంతెన ఎక్కి, దిగి, నా సంచి అందుకోవడానికి నిలబడి ఉన్నారు. "ఎక్కడా ఆగలేదే!" అన్నారు. ప్లాట్‌ఫారం మొత్తం వినపడేలా. లారీ హారను తిరిగొచ్చింది. నేను అక్కడే, పల్లీలమ్మే మనిషి పక్కన నిలబడి ఏడ్చేశాను.

వెన్నెలా, నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదట ఎత్తుకున్న చేతులు ఆయనవే. నీ బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టి, "ఇది కూడా మీ మేడం చుక్కే" అన్నారు. నువ్వు నడక నేర్చుకునేదాకా నీ వెనకే తిరిగారు. జుబేదా మేడం రిటైరయ్యాక కూడా నేను ఏలూరు వెళ్ళినప్పుడల్లా వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. చివరిసారి చూసినప్పుడు ఆవిడ మంచంలో ఉన్నారు. వేళ్ళు మాత్రం దుప్పటి అంచు మీద ఏదో ముడి వేస్తూనే ఉన్నాయి. "దిగే గీత చూస్తున్నారా రాజ్యం గారూ?" అని అడిగారు. "చూస్తున్నానండీ" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని నవ్వారు.

ఇప్పటికీ చూస్తాను. వెన్నెలా, మొన్న నువ్వు ఫోన్ చేసి, పరీక్షలని, నిద్రపోవడం లేదని, ఇంకో కాఫీ తాగి ఇంకో పాఠం చదువుతానని గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, నాకు బేసిన్లో ఎగిరే కొరమీను కనిపించింది. అందుకే "ముందు పుస్తకం మూసి పడుకో తల్లీ" అన్నాను. నీకు కోపం వచ్చింది. ఆ మాట నాది కాదు, ఎవరిదో ఇప్పుడు తెలిసింది కదా.

ఇందాక లలిత లోపలికెళ్ళినప్పుడు పళ్ళెం తిప్పి చూశాను. నల్లటి మసి, నున్నగా పట్టి ఉంది. ఆగలేకపోయాను. చీపురుపుల్ల ఒకటి విరిచి, ఒక గీత పైకి లాగాను. తర్వాత మెల్లగా, హాయిగా, అడుగు దాకా దించాను. మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి. పళ్ళెం ఈ చివర నుంచి ఆ చివరికి తెల్లగా నడుచుకుంటూ పోయింది. "అయ్యో పిన్నిగారూ, పిల్ల కాటుకండీ అది!" అని లలిత గుమ్మంలోంచి కేకేసింది. తనకి మళ్ళీ దీపం పెట్టి ఇస్తాలెండి. ముందు ఆ పళ్ళెం ఫోటో తీయించి మీకు పంపిస్తున్నాను. మీరిద్దరూ ఎక్కే గీత వదిలేసి, దిగేది చూడండి.